సముద్రం కోసేస్తున్న తీరంలో తవ్వకాలకు వాలంటీరుగా వెళ్తే ఏం పని చేయిస్తారు?

గ్లాస్గోలో చదువుతున్నాను, ఆర్కియాలజీ తెలియదు, స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల్లో రెండు వారాలు తవ్వకాలకు వెళ్లొచ్చా అని అడిగారు. వెళ్లొచ్చండి. నడుం గట్టిగా ఉండాలి, చేతిరాత అర్థమయ్యేలా ఉండాలి. రెండోదే ముఖ్యం.

ఆర్క్నీలోని రౌసే దీవిలో పురాతన ఇళ్లు బయటపడిన స్వాండ్రో లాంటి చోట సముద్రం అడుగు నుంచి తినేస్తుంది. ఒడ్డున ఉన్న గుండ్రాళ్ల సందుల్లోంచి అలలు దూరి మట్టిని లాగేస్తాయి. పైన రాళ్లు కదలకుండా కనిపిస్తాయి, కింద డొల్ల. అంటే ఏ పొర మీద ఏ పొర ఉందో మీరు రాసిన కాగితమే చివరికి మిగిలేది. 2020లో నివర్ తుపాను తర్వాత ఉప్పాడ తీరంలో జనం బంగారం రవ్వలు ఏరుకున్నారు గుర్తుందా? అవి ఏ ఇంటివో, ఏ కాలానివో ఇక తేలదు. అలా కాకూడదనే ఈ రాతకోతలన్నీ.

చేతిలో ఉండేది తాపీ. 4 అంగుళాలది, బ్లేడూ కాడా ఒకే ఉక్కు ముక్కగా ఉన్నది కొనండి. అతికించినవి మెడ దగ్గర విరుగుతాయి. మొనతో పొడవకూడదు, అంచుతో మీ వైపుకు గీకుతూ వెనక్కి జరగాలి, లేకపోతే శుభ్రం చేసిన చోటే తొక్కుతారు. మట్టి రంగు మారినా, బొగ్గు కనిపించినా, గరుకుదనం మారినా ఆగి సూపర్‌వైజర్‌ని పిలవండి. గాలికి నేల ఆరిపోతే రంగుల తేడా కనపడదు, కాస్త నీళ్లు చిలకరిస్తే మళ్లీ తేలుతుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది సంచుల దగ్గర. ఒక్కో మట్టి పొరకూ ఒక నంబరు ఉంటుంది, పొర మారాక కూడా పాత నంబరు సంచిలోనే కుండపెంకులు వేస్తుంటారు. పొర నంబరు మారగానే పాత సంచి పక్కకు తీసేయండి. తడి ప్లాస్టిక్ మీద మార్కర్ చెరిగిపోతుంది, కాబట్టి నీళ్లకు చిరగని లేబుల్ ఇంకొకటి లోపల వేయాలి.

దొరికినవన్నీ కడిగేయకండి. ఇనుముకు నీళ్లు తగలకూడదు. నానిన చెక్క ఆరిందంటే ముడుచుకుని పగులుతుంది, తడిగానే మూసి ఉంచాలి. ఉప్పు పీల్చిన కుండపెంకులను మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉప్పు వదిలించాలి. లేదంటే ఆరేటప్పుడు ఉప్పు గడ్డకట్టి పైపొర రాలుతుంది. రాయిని కూడా చూడకుండా కడగకూడదు. స్వాండ్రోలో పిక్టుల (ఉత్తర స్కాట్లండ్‌లో ఒకప్పటి జనం) కాలపు రాగి పనివాడి దాగలి రాయి మీద అతని చేతుల మసి గుర్తులు బయటపడ్డాయి. గట్టిగా ఒకసారి తోమితే అవి పోయేవే.

వాన రోజుల్లో మట్టి నమూనాలు కడిగిస్తారు. ఒక్కో పొరనుంచి మామూలుగా 40 లీటర్లు, అంటే 10 లీటర్ల బకెట్లు నాలుగు. నీటి ట్యాంకులో మాడిన బార్లీ గింజలు తేలి సన్న జల్లెడలో పడతాయి. అడుగున 1 మిల్లీమీటరు జల్లెడలో మిగిలిన వాటిలోంచి చేప ముళ్లు, అయస్కాంతానికి అతుక్కునే కొలిమి పొట్టు (ఇనుము కొట్టేటప్పుడు రాలే రేకులు) ఏరాలి. విసుగు పుట్టే పనే, కానీ ఆ ఇంట్లో ఏం తిన్నారో తేల్చేది అదే.

బయల్దేరే ముందు వేళ్ల దగ్గర ఉక్కు తొడుగు ఉన్న బూట్లు, మోకాళ్ల కింద వేసుకునే మెత్త, వాన ప్యాంటు, టెటనస్ టీకా చూసుకోండి. గొడుగు ఆ గాలికి పనికిరాదు. స్టూడెంట్ వీసాలో జీతం లేని పనిని కూడా కొన్నిసార్లు వారానికి అనుమతించిన పని గంటల్లో కలుపుతారు, యూనివర్సిటీ వీసా విభాగాన్ని అడిగి వెళ్లండి. ఒడ్డు అంచున పని పోటు వేళలను బట్టి సాగుతుంది. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు ఇంకా పైకొస్తాయి.

ఆఖరి రోజులు పూర్తిగా ఇసుక సంచులకే పోతాయి. తవ్వినచోట గుడ్డలాంటి జియోటెక్స్‌టైల్ పరిచి, పైన సంచులు, వాటిపైన రాళ్లు పేర్చాలి. సంచి మూడింట రెండు వంతులే నింపండి. నిండుగా కుక్కితే గుండ్రంగా ఉబ్బి, పక్కదానికి ఆనుకోదు, ఆ సందులోంచే చలికాలపు అల దూరుతుంది.