డాబా కారితే డబ్బు ఎవరు పెట్టాలి?

ప్రశ్న: మాది విజయవాడ మొగల్రాజపురంలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, మొత్తం 15 ఫ్లాట్లు. మేం పై అంతస్తులో ఉంటాం. బిల్డర్ 2022 మార్చిలో తాళాలు ఇచ్చాడు. వాన పడితే చాలు, పడగ్గది సీలింగ్ కారుతోంది, పెచ్చులు ఊడి మంచం మీద పడుతున్నాయి. అసోసియేషన్ వాళ్లు "మీ ఫ్లాటే కదా, మీరే చేయించుకోండి" అంటున్నారు. బిల్డర్ ఫోన్ ఎత్తడం లేదు. ఏం చేయమంటారు? — ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, అసోసియేషన్ వాళ్లు చెప్పింది తప్పు. కారేది మీ గదిలోనే అయినా, పైనున్న డాబా మీ ఒక్కరిది కాదు. 1987 నాటి మన రాష్ట్ర అపార్ట్‌మెంట్ల చట్టం పైకప్పును ఉమ్మడి భాగాల్లో చేర్చింది. కింది ఫ్లాటు ఆయన ఏనాడూ డాబా ఎక్కి వడియాలు ఎండబెట్టుకోకపోయినా సరే, మరమ్మతులో తన వాటా తను ఇవ్వాల్సిందే. మీ సేల్ డీడ్ ఒకసారి తీసి చూడండి. డాబా హక్కులు బిల్డర్ తన దగ్గరే ఉంచుకున్నట్టు రాయించాడేమో. చాలా డీడ్‌లలో ఈ తిరకాసు ఉంటుంది.

అయితే అసోసియేషన్‌తో గొడవ తర్వాత. ముందు బిల్డర్ సంగతి చూడాలి. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, తాళాలు ఇచ్చిన నాటి నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణంలోనో, పనితనంలోనో లోపం బయటపడి ఆయన దృష్టికి తెస్తే, 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడగొచ్చు. మీ లెక్కన ఆ గడువు 2027 మార్చి. ఎనిమిదికి మించి ఫ్లాట్లున్నాయి కాబట్టి మీ ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అగ్రిమెంటులో వెతకండి.

ఇలాంటి కేసుల్లో బిల్డర్ తరఫు లాయరు మొదట అడిగేది ఒకటే: "డాబా మీద డిష్ స్టాండ్లు ఎవరు బిగించారు?" స్లాబులోకి బోల్టులు దించిన చోట వాటర్ ప్రూఫింగ్ పొర చిట్లుతుంది, తప్పు మీ మీదకు తోస్తారు. నీళ్లు దిగే పైపు మూతి దగ్గర కొబ్బరాకులు, ప్లాస్టిక్ కవర్లు పేరుకుని మడుగు కట్టినా అంతే, "శుభ్రం చేసుకోలేదు" అంటారు. అందుకే ఈరోజే పైకి వెళ్లి ఆ మూతిని బాగు చేయించి జాలీ పెట్టించండి. ముందూ వెనకా ఫొటోలు తీయండి. తర్వాత ఒక సివిల్ ఇంజినీరును పిలిచి, డాబా మీద చిన్న గట్టు కట్టించి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, ఎక్కడ దిగుతోందో రిపోర్టు రాయించుకోండి. రిపోర్టు చేతికి రాకముందే కంగారుపడి కెమికల్ పూత వేయించారంటే సాక్ష్యం ఆ పూత కిందే పోతుంది.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారీ ఉంది, కానీ అక్కడ గడువు రెండేళ్లే. మీకు రెరా అథారిటీకి ఫిర్యాదు చేయడమే మేలు. రెండు చోట్లా ఒకేసారి వేయకండి.

ఫోన్లు మానేసి నోటీసు రాయండి. తాళాలు ఇచ్చిన తేదీ, కారడం మొదలైన తేదీ, రిపోర్టు జత చేసి, అగ్రిమెంటులో ఉన్న అడ్రసుకు రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డుతో పంపండి. ఒక కాపీ అసోసియేషన్ కార్యదర్శికి ఇచ్చి సంతకం తీసుకోండి. బిల్డర్ తీసుకోకుండా తిప్పి పంపితే టెన్షన్ పడకండి. ఆ కవరు మాత్రం చించకుండా అలాగే దాచండి.