ఆ వణుకు కరోనా వల్ల కాకపోవచ్చు

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. షుగర్‌కు రోజూ పొద్దున గ్లిమిపిరైడ్ వేసుకుంటాను. రెండుసార్లు కరోనా వచ్చింది. ఆ వైరస్ రోగనిరోధక కణాల్లో చెత్తను శుభ్రం చేసే ‘ఆటోఫజీ’ని దెబ్బతీస్తుందని చదివాను. అది బాగుపడాలని రోజూ 18 గంటలు ఉపవాసం ఉంటున్నాను. 2020లో కొన్న హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు మిగిలితే అవీ వేసుకుంటున్నాను. పదకొండింటికల్లా చేతులు వణుకుతున్నాయి, చెమటలు పడుతున్నాయి. వైరస్ ఇంకా ఒంట్లో ఉందా?
– ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు ఆ వణుకు సంగతి చూడాలి. మీరు తిన్నా తినకపోయినా గ్లిమిపిరైడ్ ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. మాత్ర వేసుకుని మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో ఉంటే షుగర్ పడిపోవచ్చు. మిమ్మల్ని చూడకుండా ఇదేనని తేల్చి చెప్పలేను గానీ, నా అనుమానం మాత్రం అదే. ఈసారి వణుకు రాగానే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. మీటర్ దగ్గర లేకపోతే దానికోసం ఆగొద్దు, ముందు తాగేయండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలని ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి.

ఉపవాసం ఇవాళే ఆపండి.

మీరు చదివింది తప్పేం కాదు. కణం తనలోని పాడైన ముక్కలను సంచిలా చుట్టి, లైసోజోమ్ అనే ఆమ్లపు తిత్తికి చేరుస్తుంది. అక్కడ అవి కరిగి మళ్లీ వాడకానికి వస్తాయి. కరోనాలోని ‘ఓఆర్ఎఫ్3ఎ’ అనే ప్రొటీన్ ఆ సంచి తిత్తితో కలవకుండా అడ్డుపడుతుందని 2021లో పరిశోధకులు చూపించారు. అయితే అది ల్యాబ్‌లో పెంచిన కణాల్లో చూసిన సంగతి. ఉపవాసంతో మనుషుల్లో అది సరైపోతుందనడానికి గట్టి రుజువు లేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఆ పాత మాత్రల సంగతి. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆ లైసోజోమ్‌లోని ఆమ్లాన్నే తగ్గిస్తుంది. ఏ పని బాగుపడాలని కడుపు మాడ్చుకుంటున్నారో, ఆ పనికే అడ్డం పడుతున్నారన్నమాట. పైగా అది షుగర్‌నూ తగ్గిస్తుంది, కొందరిలో గుండె లయను దెబ్బతీస్తుంది. ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు దానివల్ల ప్రయోజనం లేదని బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ 2020 జూన్‌లోనే తేల్చింది. కీళ్లవాతం, లూపస్ ఉన్నవాళ్లకు డాక్టర్లు రాస్తారు, అది వేరు. 2021లో ఎవరినీ అడగకుండా స్టెరాయిడ్లు మింగి, షుగర్ పెరిగిపోయి, బ్లాక్ ఫంగస్‌తో కన్ను పోగొట్టుకున్నవాళ్లను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి.

షుగర్ మాత్ర డోసు మీ అంతట మీరు మార్చొద్దు. రేపే మీ డాక్టర్‌ను కలవండి. ఆ పాత స్ట్రిప్ కూడా పట్టుకెళ్లి, ఎన్నాళ్లుగా ఎన్ని వేసుకున్నారో దాచకుండా చెప్పండి. ఈసీజీ అవసరమా అన్నది వాళ్లు చూసి చెబుతారు.