త్రీ బిల్‌బోర్డ్స్ ముగింపు: డీఎన్‌ఏ కలవనప్పుడు ఐడహోకి ఎందుకు వెళ్లారు?

'త్రీ బిల్‌బోర్డ్స్' అనే హాలీవుడ్ సినిమాలో డీఎన్‌ఏ కలవకపోయినా మిల్‌డ్రెడ్, డిక్సన్ అమెరికాలోని ఐడహో రాష్ట్రానికి ఎందుకు బయల్దేరారని, పోలీసులు కేసు తొక్కేశారేమోనని మీరు అడిగారు. బార్‌లో గొప్పలు చెప్పుకున్నవాడే మిల్‌డ్రెడ్ కూతురు ఏంజెలాను చంపాడని మీరు ఖాయం చేసుకున్నారు, అందుకే ముగింపు అతకడం లేదు. వాడు హంతకుడు కాదు. పోలీసులు కేసు తొక్కేశారన్న మీ అనుమానానికీ సినిమాలో ఆధారం లేదు.

ఈ వరసలో మళ్లీ చూడండి:

1. బార్ సీను. వాడు ఒక అమ్మాయి మీద చేసిన ఘోరం చెబుతాడు గానీ ఏంజెలా పేరెత్తడు. ఉద్యోగం పోయిన పోలీసు డిక్సన్ వాడి ముఖం రక్కి, తన్నులు తిని, గోళ్లలో చిక్కిన చర్మాన్ని పరీక్షకిస్తాడు.

2. కొత్త పోలీసు చీఫ్ అబర్‌క్రాంబీ సీను. చాలామంది జారవిడిచేది ఇక్కడే. "డీఎన్‌ఏ కలవలేదు" దగ్గర ఆగిపోకండి. హత్య జరిగినప్పుడు వాడు దేశంలోనే లేడని అబర్‌క్రాంబీ డిక్సన్‌తో అంటాడు. ఎక్కడున్నాడంటే చెప్పకూడదంటాడు, ఇసుక ఉన్న చోటని మాత్రం వదులుతాడు. అంటే సైన్యం పని మీద పరాయి దేశంలో ఉన్నాడు. బార్‌లో చెప్పిన ఘోరం అక్కడిదై ఉండాలి. నేరం వేరు, బాధితురాలు వేరు.

3. ఫోన్ సీను. మీ అమ్మాయిని చంపింది వీడు కాదు, కానీ వీడూ రేపిస్టేనని డిక్సన్ మిల్‌డ్రెడ్‌కి చెబుతాడు. వాడి కారుకున్న ఐడహో నంబరు ప్లేటు అప్పటికే గుర్తుపెట్టుకున్నాడు.

4. కారు సీను. మిల్‌డ్రెడ్, డిక్సన్ ఐడహోకి బయల్దేరతారు. వాణ్ని చంపాలా వద్దా అన్నది ఇద్దరికీ తేలలేదు, దారిలో తేల్చుకుందామనుకుంటారు. సినిమా అక్కడే ఆగుతుంది.

మిల్‌డ్రెడ్ ఎందుకు వెళ్తోందో ఇంకా అందకపోతే, కూతురు కారు అడిగిన ఫ్లాష్‌బ్యాక్ చూడండి. తల్లి కోపంలో అన్న ఆఖరి మాటే ఆమెను కూర్చోనివ్వడం లేదు.