బీరు నీళ్ళలో ఉప్పులు వేసే ముందు

చిన్నాకి బాబాయి ఆశీస్సులు.

సియాటిల్ వెళ్ళాక చేసిన పేల్ ఏల్, అదే ఆ లేత రంగు చేదు బీరు, చప్పగా వచ్చిందని, డాలస్‌లో నా దగ్గర చేసినట్టే మాల్టూ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) హాప్సూ (చేదునిచ్చే పువ్వులు) తూకం తప్పకుండా వేశానని రాశావు. తప్పు నీ చేతిలో లేదురా, నీళ్ళలో ఉంది. మన ఊళ్ళో బోరు నీళ్ళకి కందిపప్పు ఎంతసేపటికీ ఉడక్కపోతే మీ నాయనమ్మ మంచినీళ్ళ బావి నుంచి బిందె తెప్పించేది, గుర్తుందా? అక్కడ ఖనిజాలు ఎక్కువై పప్పు మొండికేసేది. సియాటిల్‌వి కొండల మీద మంచూ వానా కలిసి వచ్చే నీళ్ళు, వాటిలో ఖనిజాలు చాలా తక్కువ.

ఒకందుకు అది నీకు మంచిదే. ఉన్నవి తీసెయ్యడం కష్టం, లేనివి కలపడం తేలిక. చెక్ దేశంలోని పిల్సెన్‌లో ఖనిజాలు తక్కువున్న మెత్తటి నీళ్ళకి లేత రంగు లాగర్ బీరు కుదిరింది, ఇంగ్లండ్‌లో బర్టన్ ఊరి నీళ్ళలో జిప్సం (కాల్షియం సల్ఫేట్) దండిగా ఉండబట్టి అక్కడి పేల్ ఏల్‌కి ఆ పదునైన చేదు వచ్చింది. అలాగని బర్టన్ లెక్కంతా నీ గిన్నెలో దింపొద్దు. మొదట్లో నేనదే చేశాను, ఇరవై లీటర్లూ సుద్ద నాకినట్టు అయి పారబోశాను.

నువ్వు చెయ్యాల్సింది ఇది. 20 లీటర్ల నీళ్ళకి 5 గ్రాముల జిప్సం, 2 గ్రాముల కాల్షియం క్లోరైడ్. దాంతో సల్ఫేట్ 140 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు), క్లోరైడ్ 50, కాల్షియం 85 దాకా పెరుగుతాయి. సల్ఫేట్ చేదుని పదునుగా, పొడిగా చూపిస్తుంది, క్లోరైడ్ మాల్ట్ రుచికి నిండుదనం ఇస్తుంది. మసకగా ఉండే ఐపీఏ (హాప్స్ ఎక్కువ వేసే ఏల్) చేసే రోజున ఈ రెండు తూకాలూ తిరగెయ్యి, అంటే జిప్సం 2, కాల్షియం క్లోరైడ్ 5 గ్రాములు. చెంచాలతో కొలవకు, 0.1 గ్రాము చూపించే కాటా కొనుక్కో. కాల్షియం క్లోరైడ్ గాలిలో తేమ లాగి ముద్దయిపోతుంది, మూత గట్టిగా పెట్టు, లేకపోతే నువ్వు తూచేదాంట్లో సగం నీళ్ళే.

ఉప్పుల కంటే ముందు క్లోరిన్ సంగతి చూడు. అది మిగిలితే బీరు ఆసుపత్రి వాసన కొడుతుంది, ఏ ఉప్పూ దాన్ని కప్పలేదు. క్లోరిన్‌ని విరిచే కాంప్డెన్ మాత్ర (సల్ఫైట్ బిళ్ళ) ఒకటి 75 లీటర్లకి సరిపోతుంది కాబట్టి నీకు పావు ముక్క చాలు, నలిపి కలిపెయ్యి. డాలస్‌లో నేను క్లోరమైన్‌కి (క్లోరిన్, అమోనియా కలిసి అయ్యేది) కూడా ఇదే వాడతాను, అది మరిగించినా అంత తేలిగ్గా పోదు.

మాష్, అంటే వేడి నీళ్ళలో మాల్ట్ నానబెట్టిన జావ, దాని పీహెచ్ (పులుపు కొలత, తగ్గితే పులుపు ఎక్కువ) 5.2 నుంచి 5.6 మధ్య ఉండాలి. కాల్షియం కొంచెం దించుతుంది కానీ లేత మాల్ట్ మాత్రమే వేసినప్పుడు అది చాలకపోవచ్చు, అప్పుడు లాక్టిక్ యాసిడ్ ఒక్కో మిల్లీలీటరే పోసి, కలిపి, మళ్ళీ కొలువు.

ఇప్పుడు చేసిన బీరు పారబొయ్యకు. ఒక గ్లాసు బీరులో చిటికెడు కంటే తక్కువ జిప్సం వేసి బాగా కలుపు, పక్కన ఏమీ వెయ్యని గ్లాసు పెట్టుకుని రెండూ తాగి చూడు. ఆదివారం ఫోన్ చేసి ఏది నచ్చిందో చెప్పు, తర్వాతి బ్యాచ్ తూకాలు ఇద్దరం కూర్చుని వేద్దాం.

బాబాయి