మీ 250 సినిమాలు ఆగుతాయి, ముందు పెళ్ళి క్యాసెట్ బయటికి తీయండి

మీరు అడిగింది ఇది: ఇంట్లో 250 దాకా సినిమా డీవీడీలు, వీసీడీలు ఉన్నాయి, కొత్తగా 55 అంగుళాల 4కే టీవీ కొన్నారు, అన్నీ డీవీడీ కంటే స్పష్టంగా చూపించే బ్లూరే డిస్కుల్లోకి మార్చుకోవాలా, లేక పాతవన్నీ పారేసి ఓటీటీతో సరిపెట్టుకోవాలా అని.

అన్నీ మార్చకండి. పారేయనూ వద్దు. నా దగ్గర 340 ఉండేవి. ఇన్నేళ్ళలో బ్లూరేకి మార్చుకున్నవి 22. ఆ 22 ఎలా ఎంచుకున్నానో చెప్తాను. కానీ మీ ప్రశ్నలో ఒక ముఖ్యమైన మాట లేదు. ఆ డిస్కుల మధ్యలో మీ ఇంటివాళ్ళవి ఎన్ని ఉన్నాయి? పెళ్ళి, బారసాల, గృహప్రవేశం? నేను ఇంత పొడుగు జవాబు రాయడానికి కూర్చున్నది దాని కోసమే.

2006లో పెళ్ళయి మల్కాజిగిరి వచ్చాను. ఆఫీసు ఆబిడ్స్‌లో. మోజర్ బేర్ వాళ్ళు వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మిన కాలం గుర్తుందా? జీతం వచ్చిన రోజు కోఠీ దాకా నడిచి, సుల్తాన్ బజార్‌లో నాలుగైదు డిస్కులు తెచ్చుకునేదాన్ని. ఒక వీసీడీలో పట్టేది 74 నుంచి 80 నిమిషాలే. అందుకే మన రెండున్నర గంటల సినిమా రెండు మూడు డిస్కుల్లో వచ్చేది. మంచి పాట మధ్యలో లేచి డిస్కు మార్చాలి. అప్పుడు ఇంట్లో ఉన్నది 21 అంగుళాల డబ్బా టీవీ కాబట్టి బొమ్మ బాగానే కనిపించేది.

2021లో మేం కూడా 4కే టీవీ కొన్నాం. మొదటి రాత్రే నాకిష్టమైన డీవీడీ ఒకటి పెడితే మనుషుల ముఖాలు మైనం పూసినట్టు కనిపించాయి. డిస్కు పాడైందనుకున్నాను. పాడవలేదు, లెక్క అంతే. వీసీడీ బొమ్మలో ఉండేది 352 గుణకారం 288, అంటే లక్ష చుక్కలు. డీవీడీలో 720 గుణకారం 576, నాలుగు లక్షల పైచిలుకు. బ్లూరేలో దాదాపు 21 లక్షలు. మీ టీవీ తెర మీద ఉన్నవి దాదాపు 83 లక్షలు. డీవీడీ ఇచ్చే ఒక్కో చుక్కని టీవీ ఇరవై చుక్కలుగా సాగదీయాలి. మిగతా పందొమ్మిదీ అది ఊహించుకుని వేసినవే.

ఇక్కడ ఒక్క మాట. బ్లూరే కొనేముందు మీ టీవీ సెట్టింగుల్లోకి వెళ్ళి, కదలికను నున్నగా చేసే ఆప్షన్ ఆపేయండి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది, కానీ చాలావరకు దాన్ని ఆన్‌లోనే పెట్టి అమ్ముతాయి. అది ఆన్‌లో ఉంటే ఎంత గొప్ప సినిమా అయినా మధ్యాహ్నం సీరియల్‌లా ఉంటుంది. షోరూములో అమ్మేవాళ్ళు ఈ ముక్క చెప్పరు. మా వీధిలో నాలుగిళ్ళలో నేనే ఆపాను.

ఇక ఆ 22. ఏటా కనీసం ఒకసారి చూసేవి, అడవి, యుద్ధం, రాత్రి సీన్లు ఎక్కువగా ఉన్నవి, ఫిల్ము మీద తీసి నెగటివ్ నుంచి మళ్ళీ శ్రద్ధగా స్కాన్ చేసినవి. ఈ మూడూ కలిసొస్తేనే కొన్నాను. 35 ఎం.ఎం. నెగటివ్‌లో డీవీడీ చూపించగలిగిన దానికంటే ఎన్నో రెట్లు వివరం దాగి ఉంటుంది. దాన్ని బాగా స్కాన్ చేస్తే యాభై ఏళ్ళ నాటి సినిమా కూడా నిన్న తీసినట్టుంటుంది. నెగటివ్ జోలికి పోకుండా పాత వీడియో టేపునే పెద్దది చేసి బ్లూరే మీద వేస్తే, ఆ డబ్బుతో పిల్లలకి పుస్తకాలు కొనుక్కోవడం మేలు. కామెడీలకు డీవీడీ చాలు. నవ్వుకి చుక్కల లెక్క అక్కర్లేదని నా గట్టి నమ్మకం, ఈ విషయంలో ఎవరెంత వాదించినా మారను.

తెలుగు సినిమాలు బ్లూరేలో వచ్చినవే తక్కువ. మన డీవీడీలు తయారుచేసిన వాళ్ళ మీద నాకు చాలా కోపం ఉంది. స్కోప్ సినిమాని, అంటే బాగా వెడల్పు తెరకి తీసినదాన్ని, అటూ ఇటూ కోసేసి టీవీకి సరిపెట్టారు. సినిమా పొడుగునా తెర మూలన డీవీడీ కంపెనీ గుర్తు. డబ్బులిచ్చి ఒరిజినల్ కొన్నవాళ్ళకి ఇచ్చిన మర్యాద అది. అయినా ఆ డిస్కుల్లో కొన్ని సినిమాలు ఇంకెక్కడా దొరకవు, అందుకే పారేయొద్దన్నాను. ఓటీటీలో ఈ రోజున్న సినిమా ఒప్పందం అయిపోతే వెళ్ళిపోతుంది. వెళ్ళేముందు మనకి చెప్పి వెళ్ళదు.

అమెరికా నుంచి చుట్టాల చేత తెప్పించుకుంటే రీజియన్, అంటే ఆ డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు, చూసుకోండి. డీవీడీకి మనది 5, అమెరికాది 1. బ్లూరేకి మనది సీ, వాళ్ళది ఏ. 4కే బ్లూరే డిస్కులకు మాత్రం ఈ బాధ లేదు. బ్లూరే ప్లేయర్‌లో మీ డీవీడీలు ఆడతాయి. వీసీడీలు అన్ని ప్లేయర్లూ తీసుకోవు, కొనే ముందు ఒకటి పట్టుకెళ్ళి షాపులోనే వేసి చూడండి.

ఇక అసలు సంగతికి వస్తాను.

నిరుడు మాఘంలో మా పెదనాన్నగారి మనవరాలి పెళ్ళి. పెళ్ళికి నెల ముందు ఆ పిల్ల ఫోన్ చేసింది. “అత్తా, నానమ్మ పాడే ఒప్పగింతల పాట నీ పెళ్ళి క్యాసెట్‌లో ఉందంట కదా. నాకు అదే పాడించాలని ఉంది. నానమ్మని అడిగితే యాదికి లేదంటుంది” అంది.

మా పెద్దమ్మకి 81 ఏళ్ళు. ఆ పాట వాళ్ళమ్మ కట్టింది, సూర్యాపేట దగ్గర మా ఊళ్ళో మా ఇంటి ఆడపిల్లలందరి పెళ్ళికీ పాడేవాళ్ళు. ఎవరూ రాసిపెట్టుకోలేదు. పెద్దమ్మ ఉంది కదా అనుకున్నాం. నా పెళ్ళిలో ఆమె పాడిందే ఆఖరు.

పేరుకి క్యాసెట్ అంటాం కానీ అవి మూడు డీవీడీలు. వీడియో ఆయన కొట్టించి, మా ఇద్దరి ఫోటోతో గుండ్రటి పేపర్ స్టిక్కర్లు అంటించి, ఆల్బమ్‌తో పాటు ఇచ్చాడు. అసలు టేపులు మళ్ళీ ఇంకో పెళ్ళికి వాడేశాడు. ఆ రోజుల్లో చాలామంది అలాగే చేసేవాళ్ళు, టేపులు మనవని అడిగి తీసుకోవాలని మాకూ తట్టలేదు. ఆ డబ్బా మా ఇంట్లో సజ్జ మీద, స్లాబుకి రెండడుగుల కింద, పద్దెనిమిది ఎండాకాలాలు ఉంది.

మూడో డిస్కు పెట్టాను. తామరపువ్వు తిరిగింది, మా పేర్లు ఎగురుకుంటూ వచ్చాయి, బొమ్మ మొదలైంది. భోజనాలు, ఫోటోలు, బిందెలో ఉంగరం తీయడం అన్నీ వచ్చాయి. పెద్దమ్మ గొంతు సవరించుకుంటూ ముందుకు వచ్చింది. అక్కడ ఆగిపోయింది. బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయి, ఆమె నోరు తెరిచి ఉన్నట్టే నిలిచిపోయింది. తీసి తుడిచి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అక్కడే. టూత్‌పేస్టు రాయమని పక్కింటివాళ్ళు చెప్పారు. దయచేసి ఎవరూ రాయకండి.

ఆ డిస్కు పట్టుకుని కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాను. పాత ఆడియో సామాన్లు బాగుచేసే ఒక పెద్దాయన దాన్ని ట్యూబ్‌లైటుకి ఎదురుగా పెట్టి చూశాడు. “ఇది పైన గీత కాదమ్మా. లోపలి రంగు పోతోంది” అన్నాడు. నన్నూ చూడమన్నాడు. ఊదారంగు డిస్కు అంచున మేఘంలా ఒక మరక.

అప్పుడు తెలిసింది నాకు. ఫ్యాక్టరీలో తయారయ్యే సినిమా డిస్కు మీద గుంటలు అచ్చుగుద్దినట్టు ఒత్తుతారు. మనం కొట్టించే డిస్కులో అలా కాదు, ఒక రంగు పొర ఉంటుంది, లేజర్ దాని మీద రాస్తుంది. వేడికీ వెలుతురుకీ ఆ రంగు చెడిపోతుంది. పైగా డిస్కు మీద రాత లోపల నుంచి అంచు వైపు వెళ్తుంది. పెళ్ళిలో ఒప్పగింతలు చివర వస్తాయి కాబట్టి ఆ పాట అంచున ఉంది. వేళ్ళు తగిలేదీ, తేడా మొదలయ్యేదీ సాధారణంగా అక్కడే. స్టిక్కర్ సంగతి నా లెక్క చెప్తాను. తర్వాత ఇంట్లో ఉన్నవన్నీ పరీక్షిస్తే స్టిక్కర్ అంటించిన 11లో 7 పోయాయి. స్కెచ్ పెన్నుతో పేరు రాసిన 14లో 2 పోయాయి. నాకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆ పెద్దాయన ఒక పాత డెస్క్‌టాప్ డీవీడీ డ్రైవ్ 350 రూపాయలకు ఇచ్చాడు. ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకునే పల్చటి డ్రైవ్‌లకంటే ఇవి మొండిగా చదువుతాయని చెప్పాడు. మా ఆఫీసులో ఒకావిడ కొడుకు బీటెక్ చదువుతున్నాడు. అతను లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టాడు. అది చేసే పని నాకు చాలా నచ్చింది. చదవగలిగినదంతా ముందు చదివేసి, చదవలేని చోట్లన్నీ ఒక ఫైలులో గుర్తుపెట్టుకుంటుంది. అచ్చంగా అలాంటిదే ఇంకో కాపీ ఉంటే, అది పెట్టినప్పుడు ఆ ఖాళీల్ని మాత్రమే వెతికి నింపుతుంది. “ఆంటీ, ఇంకో సెట్ ఎవరి దగ్గరైనా ఉందా?” అని అడిగాడు.

నల్గొండలో మా అత్తయ్య దగ్గర ఉంది. మా వారు ఆదివారం వెళ్ళి తెచ్చారు. బీరువాలో పట్టుచీరల మధ్య, చీకట్లో ఉంచారట. స్టిక్కర్ లేదు, మా పేర్లు స్కెచ్ పెన్నుతో రాసి ఉన్నాయి. రంగు బాగుంది కానీ ఎప్పుడో పిల్లలు ఆడుకున్నారు, అంచున లోతైన గీతలు. మాది ఒక చోట పోయింది, వాళ్ళది ఇంకో చోట. రెండు రాత్రులు ఆ కంప్యూటర్ అలా తిరుగుతూనే ఉంది. నాకు నిద్ర పట్టలేదు, ఆ టెన్షన్ సినిమా కోసం ఎప్పుడూ పడలేదు. చివరికి ఏ డిస్కులోనూ చదవడానికి దొరకనిది 11 ఎం.బీ. మిగిలింది. పాటలో బొమ్మ రెండు చోట్ల గళ్ళుగా విడిపోతుంది. పాట మొత్తం వినపడుతుంది.

ఉప్పల్‌లో అన్నయ్య వాళ్ళింటికి పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళి టీవీకి పెట్టాం. పెద్దమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుంది. పాట అయ్యేదాకా ఎవరూ మాట్లాడలేదు. అయ్యాక నా వైపు తిరిగి, “రెండో చరణంల ఒక్క వరుస ఇడిసిపెట్టిన గదనే” అంది. ఆ వరుస పాడింది. తర్వాత మొదటి నుంచి అందుకుంది. పెళ్ళికూతురు పక్కన కూర్చుని నోట్ బుక్కులో రాసుకుంది. డీవీడీలో లేని చరణం ఇంకొకటి కూడా వచ్చింది.

ఆ వారమే సజ్జ మీద ఉన్నవన్నీ దింపేశాను. ఇంటి డిస్కులన్నీ హార్డ్ డిస్కులోకి ఎక్కించి, ఇంకో హార్డ్ డిస్కు కొని అన్నయ్య ఇంట్లో పెట్టాను. ఒకే ఇంట్లో రెండు కాపీలు పెట్టుకోకండి. కొంతమంది బ్లూరేలో రాయించుకోమంటారు. అదీ కొట్టించే డిస్కే. పైగా ఖాళీ బ్లూరేల తయారీని సోనీనే 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. సినిమా డిస్కుల పెట్టెని మంచం కిందకి, నిలువుగా, ఎండ తగలని చోటికి మార్చాను. అవి అలాగే ఉన్నాయి, వాటికి తొందర లేదు.

కాబట్టి మీరు బ్లూరే ప్లేయర్ కొనడం ఈ దసరాకైనా, వచ్చే దసరాకైనా ఒకటే. ఈ ఆదివారం మాత్రం ఊదారంగులో మెరిసే డిస్కులన్నీ ఒక పక్కకి తీయండి. ఫ్యాక్టరీవి ఎక్కువగా వెండిలా ఉంటాయి, చాలావరకు చూడగానే తెలిసిపోతుంది. ఒక్కొక్కటీ చివరి పది నిమిషాలు వేసి చూడండి. ఆగితే బలవంతంగా తిప్పకండి, తుడవాల్సి వస్తే మధ్య నుంచి అంచుకి నేరుగా మెత్తటి బట్టతో తుడవండి. చుట్టాల దగ్గర రెండో సెట్ ఉందేమో ఈ రోజే ఫోన్ చేసి అడగండి. ఆ 350 రూపాయల డ్రైవ్ ఇంకా మా ఇంట్లో పనిచేస్తోంది, మీరు హైదరాబాద్‌లోనే ఉంటే చెప్పండి, ఇస్తాను.