లేక్ మోసినంతే పోటీ పెట్టు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

మీ హైస్కూలు బాస్ (ఒక రకం మంచినీటి చేప) ఫిషింగ్ క్లబ్బు పోటీల షెడ్యూలు ఈసారి నీ చేతికొచ్చిందని రాశావు. సంతోషం. డాలస్ చుట్టుపక్కల మన పిల్లలు కూడా గాలం పట్టి పొద్దున్నే లేక్ మీదికి వెళ్తున్నారంటే అంతకంటే మంచి మాటేముంది. అయితే బహుమతులు, టీషర్టులు, స్పాన్సర్ల సంగతి పక్కన పెట్టి ముందు రెండు అంకెలు రాసుకో. పడవల్ని నీళ్ళలోకి దించే వాలు, అదే ర్యాంప్, దాని దగ్గర పడవలు మోసుకొచ్చే ట్రెయిలర్లు ఎన్ని పడతాయి? పోటీ రోజున నీళ్ళు ఎంత వేడిగా ఉంటాయి? ఎన్ని పడవలు, ఏ నెల, చేపని తూకం వెయ్యాలా ఫొటో తియ్యాలా అన్నవన్నీ ఈ రెండింటి నుంచే తేలతాయి. ఎంతమంది పేర్లిస్తే అంతమందినీ చేర్చుకుని, తర్వాత లేక్ వెతుక్కుంటే గొడవ తప్పదు.

ర్యాంప్ లెక్క చెప్తాను. ట్రెయిలర్ పట్టే గళ్ళు 60 ఉన్నాయనుకో. వాటిలో మూడో వంతు మామూలు జనానికి వదిలెయ్. మిగిలినవి 40, అంటే నీ పోటీకి 40 పడవలే. రెండు వరసల ర్యాంప్‌లో ఒక్కో పడవ దిగడానికి 3 నిమిషాలు పడితే 40 పడవలకి గంట. అదే ఒక్కోటి 7 నిమిషాలు తీసుకుంటే రెండు గంటల ఇరవై నిమిషాలు. తెల్లవారుజామున పిల్లాణ్ణి వెంటబెట్టుకుని మామూలుగా చేపలు పట్టుకోవడానికి వచ్చినాయన అంతసేపూ నీ వెనకే నిలబడాలి. హైస్కూలు పోటీల మీద కోపం పుట్టేది ఇక్కడే, నీళ్ళ మీద కాదు.

కాబట్టి పార్కింగ్‌లోనే అన్నీ అయిపోవాలి. డ్రెయిన్ ప్లగ్ బిగించాలి, వెనక పట్టీలు విప్పాలి, ముందు తాడు కట్టాలి, గాలపు కర్రలు, ఐసు, లైఫ్ జాకెట్లు పడవలోకి చేర్చాలి. ర్యాంప్ మీద జరగాల్సింది వెనక్కి తోలడం, వదలడం, పక్కకి జరగడం, అంతే. హెడ్‌లైట్లు ఆర్పమని చెప్పు, లేకపోతే పక్క వరసలో వెనక్కి తోలేవాడికి అద్దంలో ఏమీ కనపడదు. తిరిగి ఎక్కించేటప్పుడు ఇంజన్ రేజ్ చేసి పడవని ట్రెయిలర్ మీదికి తోసే అలవాటు పిల్లలకి ఉంటుంది, మాన్పించు. ఆ ప్రొపెల్లర్ తోపుకి కాంక్రీటు అంచున మట్టి కొట్టుకుపోయి గొయ్యి పడుతుంది. నీటిమట్టం తగ్గినప్పుడు ట్రెయిలర్ చక్రం అందులో దిగితే ఇరుసు విరగొచ్చు.

బయల్దేరేటప్పుడు పది పడవలకో జట్టు చెయ్. తిరిగొచ్చే వేళ కూడా జట్టు జట్టుకీ 20 నిమిషాల తేడా ఉండాలి. అందరినీ మూడింటికి రమ్మంటే 40 పడవలు ఒకేసారి మీద పడతాయి, తూకానికి తెచ్చే సంచుల్లో చేపలు ఊపిరాడక చస్తాయి. ఇంకొకళ్ళు పడవ ఆపుకుని చేపలు పడుతున్న మూలకి, ఒడ్డున గాలం వేసిన వాళ్ళకి కనీసం వంద గజాల దూరం ఉండాలని పొద్దున మీటింగులోనే చెప్పు. దాన్ని మర్యాదగా వదిలెయ్యకుండా రూలుగా రాయి, తప్పితే ఆ రోజు స్కోరు పోతుందని కూడా రాయి. హైస్కూలు పోటీలో పడవకి ఇద్దరు పిల్లలు, ఒక పెద్ద కెప్టెన్ కదా, ఈ రూలుకి జవాబుదారీ కెప్టెనే.

అనుమతి సంగతి. లూయిస్‌విల్, లవోన్, గ్రేప్‌వైన్, రే రాబర్ట్స్ లేక్‌లు ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ చేతిలో ఉన్నాయి. లేక్ ఫోర్క్ సబీన్ రివర్ అథారిటీది. తేదీ ఖాయం చేసే ముందే ఆ లేక్ ఆఫీసుకి ఫోన్ చేసి అదే రోజు ఇంకే పోటీ ఉందో అడుగు. ఉంటే నీ తేదీ మార్చుకో. ఒకే శనివారం రెండు పోటీలు పెట్టుకుంటే ఎంత బాగా ఏర్పాటు చేసినా ఫలితం ఉండదు.

ఇక తేదీ. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరూ తప్పు చేసేది ఇక్కడే. లార్జ్‌మౌత్ బాస్ నీళ్ళు 60 ఫారెన్‌హీట్ దాటగానే గుడ్లు పెట్టడానికి లోతు తక్కువ చోటుకి వస్తుంది. ఉత్తర టెక్సస్‌లో అది దాదాపు మార్చి, ఏప్రిల్. మగచేప తోకతో నేల ఊడ్చి పళ్ళెమంత గూడు చేస్తుంది, ఆడచేప గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, కాపలా అంతా మగదే. మన ఊళ్ళో కొర్రమీను తన ఎర్రపిల్లల గుంపు చుట్టూ తిరుగుతూ దగ్గరికొచ్చిన దేన్నయినా తరుముతుంది చూడు, ఇదీ అంతే. ఆ మగచేపని పట్టి లైవ్‌వెల్‌లో (చేపల్ని బతికించి ఉంచే పడవలోని నీళ్ళ తొట్టిలో) వేసుకుని ఆరు గంటల తర్వాత పది మైళ్ళ అవతల వదిలితే అది బతికే ఉంటుంది, తూకం కాగితంలో చావులు సున్నా అని రాసుకుంటారు. గూడు మాత్రం బ్లూగిల్ చేపలు నిమిషాల్లో ఖాళీ చేస్తాయి.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేట ఆపేస్తారు, చేప గుడ్లు పెట్టే కాలమని. టెక్సస్‌లో బాస్‌కి అలాంటి మూసివేత లేదు. ఏడాది పొడుగునా పట్టుకోవచ్చు. కాబట్టి ఆ పని పోటీ పెట్టేవాళ్ళే చెయ్యాలి. పైగా స్కూళ్ళకి స్ప్రింగ్ బ్రేక్ వచ్చేదీ మార్చి మధ్యలోనే. గుడ్ల కాలం, సెలవుల రద్దీ ఒకే వారంలో వచ్చి పడతాయి. ఆ వారం లేక్ మీద నీ పోటీ ఉండనే కూడదని నా గట్టి అభిప్రాయం.

బలమైన పోటీలు అక్టోబరు చివర, నవంబరులో పెట్టు. నీళ్ళు చల్లబడి ఉంటాయి, స్కీ పడవలు ఇంటికెళ్ళిపోతాయి, ర్యాంప్ ఖాళీగా ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి కూడా మంచివే, పిల్లలకి చలిబట్టలు సరిగ్గా ఉంటే. నీళ్ళు 80 డిగ్రీలు దాటే కాలంలో, అంటే మే చివర నుంచి సెప్టెంబరు దాకా, చేపల్ని దాచి తూకం వేసే పోటీ పెట్టొద్దు. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది, చేప ఒంటికి కావాల్సింది మాత్రం పెరుగుతుంది. వదిలినప్పుడు ఈదుకుంటూ వెళ్ళిన చేప కూడా మూడో రోజో నాలుగో రోజో చనిపోవచ్చు.

మార్చి నుంచి సెప్టెంబరు దాకా పోటీ పెట్టక తప్పకపోతే ఫొటో పద్ధతి పెట్టు. పట్టిన చోటే కొలిచి, ఫొటో తీసి, అక్కడే వదలడం. మగచేపైతే తన గూటికే పోతుంది, అయినా గూటి మీద కనపడుతున్న చేపని వెంటాడొద్దనే రూలు ఉండాలి. కయాక్ పోటీల వాళ్ళు చాలాకాలంగా ఇలాగే నడుపుతున్నారు. లేక్ ఫోర్క్‌లో అయితే తూకం పద్ధతే కష్టం, అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్‌ని వెంటనే వదిలెయ్యాలి, 24 దాటినది రోజుకి ఒక్కటే ఉంచుకోవచ్చు. అయిదు పెద్ద చేపల్ని సంచిలో తెచ్చి తూచే పోటీ ఆ రూలులో సరిగ్గా ఇమడదు.

ఫొటో ఎలా తియ్యాలో పిల్లలకి ఇంటి దగ్గరే నేర్పు. చేపని రబ్బరు వలలో నీళ్ళలోనే ఉంచాలి. ఒకడు వల పట్టుకుంటే రెండోవాడు బంప్ బోర్డుని (చేప పొడుగు కొలిచే గీతల పలకని) లేక్ నీళ్ళతో తడిపి, ఆ రోజు కోడ్ రాసిన కార్డు దాని పక్కన పెట్టి, ఫోన్ కెమెరా తెరిచి సిద్ధంగా ఉండాలి. అప్పుడే చేపని ఎత్తాలి. మూతి మూసి బోర్డు అంచుకి తగలాలి, తోక గీతల మీద ఉండాలి, చేప మొత్తం, కార్డు, గీతలు మూడూ ఒకే ఫొటోలో పడాలి. పావు అంగుళం దాకా లెక్క. ఇదంతా 20 సెకన్లలో అయిపోవాలి. ఎండలో ఆరిన బోర్డు మీద చేపని పడుకోబెడితే ఒంటిమీది జిగురు దానికే అంటుకుపోతుంది. ఆ జిగురే దానికి కవచం, అది ఊడిన చోట తర్వాత తెల్లని బూజు పట్టొచ్చు. మూతి తెరిచి ఉంటే పొడుగు కలిసొస్తుందని పిల్లలకి త్వరగానే తెలిసిపోతుంది, అలాంటి ఫొటో లెక్కలోకి రాదని ముందే రాసిపెట్టు. సిగ్నల్ లేని మూలలుంటాయి, ఫొటో ఫోన్‌లో ఉంటే ఒడ్డుకొచ్చాక పంపినా చెల్లుతుందని కూడా రాయి.

వేదిక మీద చేపని ఎత్తి చూపకపోతే పిల్లలకి ఉత్సాహం ఉండదని తల్లిదండ్రులు అంటారు. వాళ్ళ మాటా కొట్టెయ్యలేం. ఆ పిల్లలు తీసిన ఫొటోలే పెద్ద తెర మీద వేసి ఒక్కొక్కళ్ళనీ పిలువు. 2011లో మొదలైన మేజర్ లీగ్ ఫిషింగ్ పోటీల్లో పెద్దవాళ్ళే చేపని పడవలోనే తూచి అక్కడికక్కడ వదులుతున్నారు. 1972లో బాస్ పోటీలు నడిపే రే స్కాట్ తన పోటీల్లో చేపల్ని బతికించి వదలాలన్నప్పుడు అది కొత్త మాటే, ఇప్పుడు అందరికీ మామూలైపోయింది.

చలికాలంలో తూకం పోటీ పెడితే అసలు పని లైవ్‌వెల్ దగ్గర. ఒక గ్యాలన్ నీళ్ళకి ఒక పౌను చేప మించకూడదు. పొద్దున ర్యాంప్ దగ్గర నీళ్ళు నింపొద్దు, అక్కడ పెట్రోలు, బురద ఉంటాయి. లోపలికి వెళ్ళాక నింపు. అయోడిన్ లేని ఉప్పు 20 గ్యాలన్లకి పావు కిలో కలుపు. కంగారులో చేప ఒంట్లోంచి లవణాలు కారిపోతాయి, ఉప్పు నీళ్ళలో ఆ నష్టం తగ్గుతుంది. నీళ్ళు 75 దాటితే ఐసు కావాలి. గడ్డలు నేరుగా వెయ్యకు, కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. అరగ్యాలన్ సీసాలు గడ్డకట్టించి రెండు వేస్తే 30 గ్యాలన్ల నీళ్ళు అయిదారు డిగ్రీలు దిగుతాయి. లేక్ నీళ్ళకంటే పది డిగ్రీలకి మించి చల్లార్చొద్దు, వదిలేటప్పుడు ఆ తేడాయే దెబ్బ. సగం నీళ్ళు రెండు మూడు గంటలకోసారి మార్చాలి.

ఎక్కువసార్లు చెడేది ఒక్కచోట. పిల్లలు పంపుని టైమర్ మీద పెట్టి మర్చిపోతారు, లేదా నీళ్ళలో చేపల్ని చూపించే సోనార్ తెరలు మూడు ఒకే బ్యాటరీ మీద నడిపి మధ్యాహ్నానికి దాన్ని పిండేస్తారు, పంపు నెమ్మదిస్తుంది. చేపలున్నంతసేపు పంపు ఆగకుండా నడవాలి. గంటకోసారి మూత తీసి చూడమను. బాగున్న బాస్ నిటారుగా, అడుగుకి దగ్గరగా నిలబడి మొప్పలు నిదానంగా ఆడిస్తుంది. పక్కకి ఒరిగి, మొప్పల మూతలు దబదబా కొట్టుకుంటూ, రెక్కల అంచులు ఎర్రబారి ఉంటే నీళ్ళు వెంటనే మార్చాలి. లోతు నుంచి లాగిన చేప పొట్ట పైకి తేలితే గాలి తిత్తి ఉబ్బిందన్నమాట. ఆ గాలి తీసే సూది పోటు నేర్చుకున్న పెద్దవాళ్ళకే వదిలెయ్, పిల్లల చేత చేయించొద్దు. లోతు చేపల కాలంలో 25 అడుగులకంటే కింద గాలం వెయ్యొద్దని రూలు పెడితే ఆ అవసరమే రాదు.

ఏ చేప ఏదో తెలియడానికి పెట్టే గుర్తుల్లో పెదవికి చిల్లు పెట్టేవాటి బదులు క్లిప్పు గుర్తులు వాడమను. పెద్ద చేపని ఒక చేత్తో దవడ పట్టుకుని అడ్డంగా వేలాడదీస్తే దవడ ఎముక దెబ్బతింటుంది. రెండో చెయ్యి పొట్ట కింద ఉండాలి, చేతులు తడిగా ఉండాలి. గాలం గొంతులోకి దిగితే పీకకుండా దారం కోసెయ్యడమే మేలు.

తూకం దగ్గర సంచిలో అయిదు చేపలు, రెండు గ్యాలన్ల నీళ్ళు ఉంటే ఆక్సిజన్ నిలిచేది రెండు నిమిషాలు. అందుకని సంచులు ముందే పంచకు. గాలి బుడగలు పోతున్న తొట్టిలో ఎన్ని చోట్లుంటే అన్ని జట్లకే సంచులివ్వు, మిగతావాళ్ళ చేపలు లైవ్‌వెల్‌లోనే ఉండాలి. ఒక పెద్దమనిషి చేతిలో స్టాప్‌వాచ్ ఉండాలి. వేదిక మీద ఫొటో ఒక్కటే, ఒక చేపతోనే. అమ్మానాన్నలు, తాతయ్యలు, స్నేహితులు వంతులవారీగా నిలబడితే ఆ చేప బతకదు, ఇది మొహమాటపడకుండా మైకులో చెప్పు. చచ్చిన చేపకి చాలాచోట్ల మొత్తం తూకంలో 4 ఔన్సులు కోస్తారు. పిల్లల పోటీలో 8 కొయ్యి, అప్పుడు లైవ్‌వెల్ మూత గంటకోసారి తీస్తారు.

అన్నిటినీ ర్యాంప్ పక్కనే వదిలితే అక్కడే పోగుపడతాయి, మర్నాడు ఎవరైనా వచ్చి సులువుగా పట్టేస్తారు. పెద్ద ట్యాంకున్న పడవ ఒకటి పెట్టి నాలుగైదు చోట్ల, నీడా లోతూ ఉన్న దగ్గర వదిలించు. లేక్ దాటి బయటికి తీసుకెళ్ళి తూచాల్సి వస్తే క్లబ్బు రాసిచ్చిన కాగితం ప్రతి పడవలో ఉండాలి, అక్కడి నుంచి కదిలే ముందు నీళ్ళన్నీ తీసెయ్యాలి. 2014 జులై 1 నుంచి రాష్ట్రమంతటా లైవ్‌వెల్, అడుగునీళ్ళు ఖాళీ చెయ్యకుండా లేక్ దగ్గర నుంచి కదలకూడదు. 2009లో టెక్సోమా లేక్‌లో బయటపడ్డ జీబ్రా గుల్లలు (లేక్‌లని పాడుచేసే పరాయి గుల్లలు) తర్వాత రే రాబర్ట్స్, లూయిస్‌విల్ దాకా వచ్చాయి, కంటికి కనపడని పిల్ల గుల్లలు ఆ నీళ్ళలోనే ప్రయాణం చేస్తాయి. ఖాళీ చేశాక పడవ ఎండాలి, ట్రెయిలర్ ఇరుసుకి చుట్టుకున్న నాచు చేత్తో తీసెయ్యాలి. చిరిగిన రబ్బరు ఎరలకి పడవలో ఒక సీసా పెట్టించు, నీళ్ళలో పడితే చేప మింగుతుంది, కడుపులో అవి ఉబ్బుతాయి.

26 అడుగుల లోపు పడవల్లో నడిపేవాడు పడిపోతే ఇంజన్ ఆపేసే కిల్ స్విచ్ తాడు కట్టుకోవడం 2021 ఏప్రిల్ 1 నుంచి చట్టం. పెద్ద ఇంజన్ నడుస్తున్నంతసేపు లైఫ్ జాకెట్ ఒంటిమీదే ఉండాలి. దీనికి రెండో హెచ్చరిక లేదు.

పోటీ అయిన మర్నాడు పొద్దున ఒకసారి, నాలుగో రోజు ఇంకోసారి ఇద్దరు పిల్లల్ని తీసుకుని వదిలిన చోట్లకి వెళ్ళు. తేలిన బాస్ ఎన్నో లెక్కపెట్టి, ఆ రోజు నీటి వేడి, పడవల సంఖ్య, ర్యాంప్ దగ్గర జనం ఎంతసేపు ఆగారో ఒకే నోటుబుక్కులో రాయించు. తర్వాతి షెడ్యూలు వేసేటప్పుడు ఆ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చో. రూల్స్ కాగితం తయారైతే నాకు పంపు, చదివి తిప్పి పంపిస్తాను.

మీ పెదనాన్న