చెవులపిల్లి వెంట పడితే అన్నం దొరుకుతుందా?

ఉదయగిరి దగ్గర నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. కందిచేలో చెవులపిల్లి (మన అడవి కుందేలు) కనపడినప్పటి నుంచి, మంచు దేశాల్లో తెల్లగా మారే కుందేళ్లూ ఇదీ ఒక్కటేనా, ఎట్లా విడిపోయాయి అని ఒకటే గోలంట. నీట్ వద్దు, ఇదే చదువుతా అంటోందని ఆయన టెన్షన్.

చదువు ఉందన్నా, జీవులు తరతరాలకీ ఎట్లా మారాయో, ఎట్లా విడిపోయాయో చెప్పేది, పరిణామ జీవశాస్త్రం అంటారు. ముందు పాప ప్రశ్నకే జవాబు చెప్తా, మీరూ చదవండి, ఆ పని ఎట్లాంటిదో మీకూ తెలుస్తుంది. ఒక్కటి కాదు, దాయాదులు. లెపస్ అనే ఒకే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, ముప్పై పైచిలుకు జాతులున్నాయి. ఒకే గుంపు మధ్యలో సముద్రమో కొండలో అడ్డం పడితే అటూ ఇటూ ఇచ్చిపుచ్చుకోవడాలు ఆగిపోతాయి, వేల తరాలు గడిచేసరికి ఎక్కడివి అక్కడి ఎండకీ చలికీ తగ్గట్టు మారిపోతాయి. స్కాట్లండ్ కొండకుందేలు చలికాలంలో తెల్లబడుతుంది, మంచు తక్కువ పడే ఐర్లాండ్ దీవిలో చిక్కుకున్న దాని చుట్టాలు మాత్రం చాలావరకు గోధుమరంగులోనే ఉంటాయి. అమెరికా మంచుకుందేళ్లది ఇంకా విచిత్రం. పసిఫిక్ తీరం వైపు కొన్ని చలికాలంలోనూ తెల్లబడవు, ఆ జన్యువు ఎప్పుడో వేరే జాతి కుందేలుతో కలిసినప్పుడు వచ్చిందని 2018లో తేల్చారు. అంటే విడిపోయినా పూర్తిగా తెగిపోలేదన్నమాట.

మన చెవులపిల్లికి మెడ వెనక నల్లమచ్చ ఉంటుంది చూడండి, ఉత్తరాది చెవులపిల్లికి ఆ నలుపు ఉండదు, తోక ఎర్రగా ఉంటుంది. (అంగళ్లలో అమ్మే తెల్ల కుందేళ్లు వీటి లెక్కలోకి రావు, అవి యూరప్ బొరియ కుందేళ్ల సంతతి.)

ఇక దారి. గూడూరు, శ్రీకాళహస్తి దాటితే ఏర్పేడు దగ్గరే తిరుపతి ఐసర్ (కేంద్రం నడిపే సైన్స్ విద్యాసంస్థ) ఉంది, ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. ఐఏటీ అనే దాని ప్రవేశపరీక్ష రాయాలి. అరవై ప్రశ్నలు, అందులో పదిహేను లెక్కలు, బైపీసీ పిల్లలు దెబ్బతినేది అక్కడే, కాబట్టి లెక్కలు ఈ రోజే మొదలుపెట్టించండి, నోటిఫికేషన్ కోసం మార్చి నుంచి చూస్తుండండి. అది రాకపోతే కొంప మునగదు. నెల్లూరులోనో తిరుపతిలోనో జువాలజీ డిగ్రీ చేసి, తర్వాత బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలోనో డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లోనో ఎంఎస్సీకి ప్రయత్నించొచ్చు. ఇష్టం లేని పిల్లను లాంగ్ టర్మ్ కోచింగ్‌లో కూర్చోబెట్టడం మాత్రం నాకు నచ్చదు.

డబ్బు సంగతి దాచను. పీహెచ్‌డీ అయ్యేసరికి ముప్పై ఏళ్లు దగ్గర పడతాయి. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, ఇంటద్దె అలవెన్సు వేరే. స్థిరమైన ఉద్యోగం మెల్లగా వస్తుంది. పని అంతా అడవిలో ఉంటుందనుకోకండి, సగం కంప్యూటర్ ముందే, డీఎన్‌ఏ వరసలు పోల్చుకుంటూ. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ల్యాబ్‌లో, వేటగాళ్ల దగ్గర దొరికిన మాంసం ఏ జంతువుదో చెప్పేదీ ఈ విద్యతోనే. జువాలజీ డిగ్రీతో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష కూడా రాయొచ్చు.

చెవులపిల్లిని పట్టి పెంచుతానంటే మాత్రం ఒప్పుకోకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. చేలో ఎక్కడ కనపడింది, ఎన్ని గంటలకు, ఏం మేస్తోంది, మెడ మచ్చ ఎంతుంది, తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాసుకోమనండి. కందికోత లోపల పది పేజీలు నిండితే నాకు ఫొటో తీసి పంపండి.